సైనికుని కాలివేళ్ళు

అమెరికా సైన్యం 2011 జూన్‌లో ఒక ఉత్తర్వు జారీ చేసింది. అది ఆయుధాల గురించినది కాదు, యుద్ధం గురించినదీ కాదు. వ్యాయామం చేసేటప్పుడు సైనికులు తొడుక్కునే బూట్ల గురించి. అయిదు వేళ్ళూ ఒకే అరలో ఇమిడే బూట్లనే వ్యాయామ దుస్తులతో వేసుకోవాలనీ, వేలికొక అర కుట్టిన బూట్లు ఇకమీదట పనికిరావనీ దాని సారాంశం. కారణం కూడా చెప్పారు: వృత్తి సైనికుని రూపానికి అవి తగవట!

ఈ ఉత్తర్వులో లేనిదేమిటో ముందు చూడాలి. వేళ్ళ బూట్లు కాలికి హాని చేస్తాయని అందులో లేదు. వాటి అడుగు మరీ పలచన అన్న అభ్యంతరమూ లేదు. అంతే పలచని అడుగున్న బూటైనా ముందుభాగం మూసి ఉంటే వేసుకోవచ్చు. అంటే సైన్యానికి పేచీ వచ్చింది వేళ్ళ ఆకారం పైకి కనబడినందుకే. పరుగెత్తే కాలుకు ఏది మంచిది అన్న ప్రశ్న, చూసే కంటికి ఏది మంచిది అన్న ప్రశ్నగా మారిపోయింది. చూసే కన్ను ఎవరిది? దీనికి జవాబు వెతకాలంటే ఆ ఉత్తర్వుకు చాలా వెనక్కి పోవాలి.

మొదట ఆ బూటు సంగతి. చేతికి తొడుగు ఎలాంటిదో కాలికి ఇది అలాంటిది. రాబర్ట్ ఫ్లీరి అనే ఇటలీ డిజైన్ విద్యార్థి 1999 ప్రాంతంలో దీన్ని ఊహించాడు. విబ్రాం అనే ఇటలీ కంపెనీ 2005-06 నాటికి ‘ఫైవ్ ఫింగర్స్’ పేరుతో బజారుకు తెచ్చింది. ఆ కంపెనీ పేరు దాని స్థాపకుడు వితాలే బ్రమానీ పేరులోని తొలి అక్షరాలతో ఏర్పడింది. బ్రమానీ కొండలెక్కేవాడు. 1935 సెప్టెంబరులో ఆల్ప్స్ పర్వతాల మీద ఆయనతో వెళ్ళినవారిలో ఆరుగురు మంచు తుఫానులో చిక్కి చనిపోయారు. మేకులు దిగ్గొట్టిన బరువైన బూట్లను కింద వదిలి, రాతి మీద పట్టు దొరికే తేలిక జోళ్ళతో పైకి ఎక్కారు. ఆ జోళ్ళు చలికీ మంచుకూ ఆగలేదు. ఆ దుఃఖంలోంచి బ్రమానీ 1937లో గాళ్ళు గాళ్ళుగా పోతపోసిన రబ్బరు అడుగును తయారుచేశాడు. టైర్ల కంపెనీ పిరెల్లి అండగా నిలిచింది. ఆ అడుగుకు పెట్టిన పేరు ‘కరార్మాతో’. ఇటాలియన్ భాషలో ఆ మాటకు అర్థం యుద్ధ టాంకు. ముసోలినీ కాలంలో పట్టు గలదానికి టాంకు పేరే తోచింది కాబోలు. ఆ సంవత్సరాన్నీ ఆ దేశాన్నీ గుర్తుంచుకుందాం. మళ్ళీ వాటితో పని పడుతుంది.

వేళ్ళ బూట్లు అమెరికా సైనికుల కాళ్ళకు ఎక్కడానికి ఒక పుస్తకమూ ఒక శాస్త్ర వ్యాసమూ తోడ్పడ్డాయి. క్రిస్టఫర్ మెక్‌డౌగల్ 2009లో రాసిన ‘బార్న్ టు రన్’ మెక్సికోలోని రరామురి ఆదివాసుల పరుగును ఆకాశానికెత్తింది. వాళ్ళు తొడుక్కునేవి చాలావరకు పాత టైరు ముక్కకు వారు కట్టిన చెప్పులు. మన పల్లెల్లో టైరు చెప్పులు ఎరగనివాళ్ళెవరు? మరుసటి సంవత్సరం జనవరిలో హార్వర్డ్ శాస్త్రజ్ఞుడు డానియల్ లీబర్మన్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. అలవాటుగా వట్టి కాళ్ళతో పరుగెత్తేవారు మడమకు బదులు పాదం ముందుభాగం మోపుతారనీ, అందువల్ల నేల తాకిడి తగ్గుతుందనీ అందులో ఉంది. గాయాలు తగ్గుతాయని మాత్రం వాళ్ళు తేల్చలేదు. తేల్చింది వ్యాపార ప్రకటనలు. ఆ ప్రకటనల మీద దావా పడి, తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 2014లో 37 లక్షల 50 వేల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. అంతకు ముందు సంవత్సరం వెలువడిన ఒక అధ్యయనంలో, పదివారాలపాటు ఈ బూట్లకు అలవాటు పడుతూ పరుగెత్తిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు హెచ్చింది. కాబట్టి ఈ బూటును విప్లవాత్మక పాదరక్షగా కొనియాడే పని మనకు లేదు. అయితే సైన్యం కాదన్నది ఈ కారణంతో కాదు.

మామూలు బూట్ల విషయంలో సైన్యం శాస్త్రాన్ని ఎంతవరకు లెక్కచేసింది? పాదం వంపును చూసి ఒక్కొక్కరికి ఒక్కో రకం పరుగు బూట్లు ఇస్తే గాయాలు తగ్గుతాయని ఏళ్ళ తరబడి నమ్మారు. 2009-10లో అమెరికా దళాల్లోనే కొత్తగా చేరినవారి మీద జరిగిన పరీక్షల్లో అలా ఇచ్చినందువల్ల ప్రయోజనం కనబడలేదు. అయినా ఆ బూట్లను ఎవరూ అప్రతిష్ఠగా భావించలేదు.

ఇంకా విచిత్రం, పాదానికి వేళ్ళున్నాయన్న సత్యాన్ని ఒకప్పుడు కష్టపడి నేర్చుకున్నది ఆ సైన్యమే. పందొమ్మిదో శతాబ్ది మొదటి భాగం దాకా యూరపులో బూట్లను చాలావరకు కుడి ఎడమల తేడా లేకుండా ఒకే అచ్చు మీద కుట్టేవారు. బూటుకు కాలు సర్దుకోవాలి తప్ప కాలుకు బూటు సర్దుకోదు. తాళానికి తగ్గట్టు అడుగు వేయించే కవాతు విద్యకు అది అతికినట్టు సరిపోయింది. వెయ్యిమంది కాళ్ళు ఒక్క కాలులా లేవాలన్నప్పుడు ఎవరి కాలు ఎలా ఉందన్న విచారణ ఎందుకు? సైనికులు నడవలేక కుంటుతూ వెనకబడిపోతున్నప్పుడు గాని ప్రశ్న పుట్టలేదు. 1908లో అమెరికా సైన్యం ఒక సంఘాన్ని వేసింది. ఎడ్వర్డ్ మన్సన్ అనే సైనిక వైద్యుడు దానికి నాయకుడు. నాలుగేళ్ళపాటు సుమారు 2000 మంది సైనికుల పాదాలను పరిశీలించి ఆ సంఘం చెప్పింది ఇది: బూటు ముందుభాగం వెడల్పుగా ఉండాలి, వేళ్ళు సహజంగా పరుచుకోవాలి. మన్సన్ అచ్చు మీద బూట్లు కుట్టడం 1912లో మొదలైంది. ఆ సంవత్సరమే ఆయన సైనికుని పాదం మీద ఒక పుస్తకం వెలువరించాడు. లోపల వేళ్ళు విప్పారవచ్చు అని నాడు ఒప్పుకున్న సైన్యమే, 99 ఏళ్ళ తర్వాత అవి బయటికి కనబడరాదని ఆజ్ఞాపించింది.

బూట్ల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా బూట్లున్న సైన్యాల గురించే రాస్తారు. వట్టి కాళ్ళ సైన్యాలు వారి లెక్కలోకి రావు. కాని వలస సామ్రాజ్యాలను నిలబెట్టిన సైనికుల్లో ఎంతమంది కాళ్ళకు బూట్లున్నాయి? తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్‌వాళ్ళ ‘కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్’ దళంలో అస్కారీలనే నల్లజాతి సైనికులు పిక్కలకు పట్టీలు చుట్టుకుని వట్టి కాళ్ళతోనే కవాతు చేశారు. ఇటలీవాళ్ళు ఎరిత్రియాలో చేర్చుకున్న సైనికుల స్థితీ అదే. వాళ్ళ పాదాలు పుట్టుకతోనే గట్టివి, బూట్లు వాళ్ళకు అలవాటు లేదు అన్నది దొరల సమాధానం. బూట్ల ఖర్చు మిగలడం గురించి దొరలు మాట్లాడరు. నెత్తిన టోపీ, నడుముకు పట్టీ, ఛాతీ మీద పతకం సర్కారు ఖర్చు మీద వచ్చాయి. పాదం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రకృతి గుర్తుకొచ్చింది.

మనవాళ్ళ ప్రసక్తి ఇక్కడ అవసరం. కుంఫిణీ సిపాయిలను ఉత్తరాదిన ‘తిలంగా’లని పిలిచేవారు. మద్రాసు వైపు నుంచి, మన తెలుగుదేశం నుంచి క్లైవు వెంట బెంగాలుకు పోయిన తొలి సిపాయిల వల్ల వచ్చిన పేరది. 1857లో ఢిల్లీ ప్రజలు అవధ్ నుంచి వచ్చిన సిపాయిలను కూడా ఆ మాటతోనే పిలిచారు. ఒక జాతి పేరు ఒక ఉద్యోగం పేరుగా మారిపోయింది. ఆనాటి చిత్రాల్లో ఈ తిలంగాలకు ఒంటి మీద ఎర్రకోటు, కాళ్ళకు చెప్పులు. కొన్నిట్లో ఆ చెప్పులూ లేవు. ఆ మద్రాసు సైన్యమే 1806 జూలై 10న వేలూరులో తిరగబడింది. నుదుట బొట్టు, చెవిపోగులు, గడ్డం తీసివేయాలనీ, తోలు కలిసిన కొత్త తలపాగా పెట్టాలనీ వచ్చిన ఉత్తర్వులు ఆ తిరుగుబాటుకు నిప్పంటించాయి. వాటినీ క్రమశిక్షణ పేరిట, సైనిక రూపం పేరిట తెచ్చారు. 2011 నాటి ఉత్తర్వు అంత ఘోరమైనదని నేను అనడం లేదు. ఆ సైనికుడు ఇంటికి పోయి తన బూట్లు తాను తొడుక్కోవచ్చు. రెండు ఉత్తర్వులూ ఒకే భాషలో మాట్లాడాయంటున్నాను, అంతే.

రూపం అనే మాట వెనక ఏముందో మన సమాజానికి ఎవరూ చెప్పనక్కరలేదు. తెలంగాణలో దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తరాలున్నాయి. చెప్పు కుట్టే మాదిగ చెప్పు తొడుక్కుని అగ్రకులాల వీధిలో నడవకూడదన్న కట్టుబాటూ ఉంది. జాషువా 1941లో ‘గబ్బిలం’ నాయకుణ్ణి ఆ కులం నుంచే తీసుకోవడం యాదృచ్ఛికం కాదు. అక్కడ చెప్పు ఉంటే తప్పు, ఇక్కడ వేలు కనబడితే తప్పు. పాదం ఎలా కనబడాలో పాదం గలవాడు కాక మరొకడు నిర్ణయించడమే రెండు చోట్లా కనిపిస్తుంది.

ఇంతకీ వేళ్ళు విడివడిన బూటును ఏ సైన్యమూ ఒప్పుకోలేదా? ఒప్పుకుంది. పెద్ద ఎత్తునే ఒప్పుకుంది. అయితే అది అమెరికా కాదు, ఇరవై ఒకటో శతాబ్దమూ కాదు.

జపాన్‌లో ‘తాబి’ అనే గుడ్డ మేజోడు పాతకాలం నుంచీ ఉంది. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగింటికీ ఒక అర. మధ్య సందులో చెప్పు వారు ఇముడుతుంది. కూలివాడు దాని మీద గడ్డితో అల్లిన చెప్పులు కట్టుకునేవాడు. బరువు పనిలో ఒక జత గడ్డిచెప్పులు ఒకరోజు నిలవడమే గొప్ప. రోజు కూలిలో కొంత రోజూ కాళ్ళ కిందే అరిగిపోయేది. క్యూషూ దీవిలోని కురుమే పట్టణంలో ఇషిబాషి సోదరులు తాబి మేజోళ్ళు కుట్టించి అమ్మేవారు. తమ్ముడు షోజిరో ఇషిబాషి చూపు ఈ అరుగుదల మీద పడింది. తాబికి రబ్బరు అడుగును విడిపోకుండా అంటించే పద్ధతి సాధించి, దగ్గరలోని మీకే బొగ్గుగని కార్మికుల చేత వాడించి చూసి, 1923లో ‘జికా తాబి’ని బజారులో పెట్టారు. గని మెట్ల మీద, తడి రాళ్ళ మీద బొటనవేలు విడిగా నొక్కుకుంటే దొరికే పట్టు ఎలాంటిదో కార్మికునికి ముందే తెలుసు. కంపెనీ కొత్తగా చేర్చింది రబ్బరు మాత్రమే. దాని మీద వచ్చిన లాభాలతో షోజిరో 1931లో టైర్ల కంపెనీ పెట్టాడు. ‘ఇషి’ అంటే రాయి, ‘బాషి’ అంటే వంతెన. ఆ ఇంటిపేరును ఇంగ్లీషులో తిరగేస్తే వచ్చినదే బ్రిడ్జ్‌స్టోన్.

గని నుంచి ఆ బూటు రెండు దారుల్లో పోయింది. ఒకటి పరుగుపందెం. 1936 బెర్లిన్ ఒలింపిక్ మారథాన్‌లో గెలిచిన సోన్ కీ జాంగ్ కాళ్ళకు ఉన్నవి వేలు విడివడిన బూట్లే. ఆయన కొరియా దేశస్థుడు. దేశం జపాన్ చేతిలో ఉన్నందువల్ల ‘సోన్ కితేయి’ అనే జపాన్ పేరుతో, జపాన్ జెండా కింద పతకం అందుకోవలసి వచ్చింది. 1951 బోస్టన్ మారథాన్‌లో హిరోషిమా ప్రాంతపు యువకుడు షిగేకి తనాకా గెలిచింది కూడా అలాంటి బూట్లతోనే.

రెండో దారి యుద్ధం. జపాన్ సైన్యానికి మేకుల తోలు బూట్లుండేవి. వాటితోపాటు జికా తాబిలను కూడా సైనికులకిచ్చారు. తోలుకు కరువు, రబ్బరూ గుడ్డా చవక, తేలిక, చప్పుడు తక్కువ, బురదలో పట్టు ఎక్కువ. 1941-42లో మలయా అడవుల్లోంచి సింగపూరు దాకా చొచ్చుకువచ్చిన సైనికుల్లో ఎంతోమంది కాళ్ళకు ఇవి ఉన్నాయి. తర్వాత పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైనికులు ఇసుక మీద, బురద మీద బొటనవేలు విడివడిన అడుగుజాడ చూసి శత్రువును గుర్తుపట్టేవారు. జపాన్ సైన్యం గురించి అమెరికా యుద్ధశాఖ 1944లో అచ్చువేసిన చేతిపుస్తకంలో ఈ బూటు వర్ణన ఉంది. అదే కాలంలో అమెరికా పత్రికల వ్యంగ్యచిత్రాల్లో జపాన్ సైనికుణ్ణి చెట్లెక్కే కోతిగా గీయడం మామూలు విషయం. వేళ్ళు కనిపించే కాలు నాగరికుని కాలు కాదన్న భావం గాలిలోంచి పుట్టలేదు. 2011లో ఉత్తర్వు రాసిన అధికారికి ఆ వ్యంగ్యచిత్రాలు గుర్తుండి ఉంటాయని కాదు. సంస్కారాలు గుర్తు లేకపోయినా పనిచేస్తాయి.

జపాన్ సైన్యం ఆ బూటును ఒప్పుకోవడంలో కార్మికుని మీద గౌరవం ఉందనుకుంటే అదీ పొరపాటే. మీకే గనుల్లో యుద్ధకాలంలో కొరియన్లనూ చైనీయులనూ యుద్ధఖైదీలనూ బలవంతపు చాకిరీలో పెట్టారు. ఇక ఆ రబ్బరు ఎక్కడిది? యుద్ధానికి ముందు జపాన్ కొన్న రబ్బరులో పెద్ద భాగం మలయా తోటలది. ఆ చెట్లకు గాటు పెట్టి పాలు తీసినవాళ్ళలో తమిళులతోపాటు మన కళింగాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కిన కూలీలు కూడా ఉన్నారు. యుద్ధం వచ్చాక వాళ్ళలో వేలాదిమందిని సయాం-బర్మా రైలుదారి పనికి తరలించారు. 1942-43లో ఆ అడవుల్లో ఎంతమంది తెలుగువాళ్ళు చనిపోయారో విడిగా లెక్క కట్టినవాడు లేడు. రబ్బరు తీసినవాడి కాళ్ళకు రబ్బరు లేదు.

రబ్బరు కథ ఒక్క చోట మాత్రం ఎదురు తిరిగింది. వియత్నాంలో ఫ్రెంచివాళ్ళు రబ్బరు తోటలు వేశారు. మిషలిన్ కంపెనీకి చెందిన ఫూ రియెంగ్ తోటలో 1930లో కూలీలు సమ్మె చేశారు. ఆ చెట్ల పాలే టైర్లయి ఫ్రెంచి సైన్యపు లారీలకు ఎక్కాయి. ఆ లారీల టైర్లనే కోసి వియత్ మిన్ సైనికులు చెప్పులు చేసుకున్నారు. వాటితో 1954లో దియెన్ బియెన్ ఫూ కొండలెక్కారు. ప్రపంచంలోకెల్లా అతి తక్కువ పాదరక్షతో గెలిచిన సైన్యాల్లో అది ఒకటి. వేళ్ళు పూర్తిగా బయటే ఉన్నాయి; అయినా సైనిక రూపానికి లోటు వచ్చిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఇటలీకి తిరిగి వద్దాం. ఆల్ప్స్‌లో ఆరుగురు చనిపోయిన 1935 సెప్టెంబరు గడిచీ గడవగానే, అక్టోబరు 3న ముసోలినీ సైన్యం ఇథియోపియా మీద పడింది. 1896 మార్చి 1న అడువా దగ్గర, ఎక్కువమందికి కాళ్ళకు చెప్పులైనా లేని ఇథియోపియా సేన తమను ఓడించిందన్న కసి ఇటలీ పాలకులకు నలభై ఏళ్ళుగా ఉంది. ఈసారి విమానాల నుంచి విషవాయువు కురిపించి 1936 మేలో అడిస్ అబాబా పట్టుకున్నారు. 1937లో అక్సుం నగరంలోని ప్రాచీన శిలాస్తంభాన్ని దోచి తెచ్చి రోములో నిలబెట్టారు. టాంకు పేరు గల రబ్బరు అడుగు పుట్టిన సంవత్సరం కూడా అదే.

1960 సెప్టెంబరు 10 సాయంత్రం రోము ఒలింపిక్ మారథాన్ మొదలైంది. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు అబెబె బికిలా అందులో పాల్గొన్నాడు. పశువులు కాసే ఇంట పుట్టినవాడు, 28 ఏళ్ళవాడు. కంపెనీవాళ్ళిచ్చిన బూట్లు కాలికి సరిపోలేదు. శిక్షణలో అలవాటైన వట్టి కాళ్ళతోనే పరుగెత్తాడు. చీకటి పడ్డాక ఆప్పియన్ రోడ్డు పొడవునా ఇటలీ సైనికులు కాగడాలు పట్టుకుని దారి చూపుతూ నిలబడ్డారు. గెలుపు గీత దగ్గరపడుతున్నప్పుడు అక్సుం స్తంభం కనబడింది. ఆ చోట వేగం పెంచాలని ఆయనా ఆయన స్వీడిష్ శిక్షకుడు ఒన్ని నిస్కనెన్‌ ముందే అనుకున్నారు. మొరాకోవాడు రాదీని వెనక వదిలి, కాన్‌స్టంటైన్ తోరణం కింద 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లకు గీత దాటాడు. ఒక సైనికుడు, ఒంటిమీద దేశపు రంగులతో, అయిదు వేళ్ళూ లోకానికి కనబడేలా గెలిచాడు. 1964లో టోక్యోలో ఆయన మళ్ళీ గెలిచినప్పుడు కాళ్ళకు బూట్లున్నాయి. 1969లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం పడిపోయింది. 1973లో చనిపోయాడు.

ఇటలీ అక్సుం స్తంభాన్ని 2005లో తిరిగి ఇచ్చింది. దాదాపు అదే కాలంలో విబ్రాం వేళ్ళ బూట్లు బజారుకు వచ్చాయి. 2010లో ఆ కంపెనీ పరుగు కోసం ప్రత్యేకంగా చేసిన రకానికి పెట్టిన పేరు ‘బికిలా’. బూట్లు వేసుకోకుండా గెలిచినవాడి పేరు బూట్లకు! వట్టి కాలు వంద డాలర్ల సరుకు కావాలంటే దానికి ఒక పుట్టుపూర్వం కావాలి. ఆ పుట్టుపూర్వం ఆఫ్రికాలో దొరికింది. కథనూ కాలునూ తీసుకున్నారు, మనిషినీ కుటుంబాన్నీ అడగలేదు. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో మరో ఇటలీ కంపెనీ కొల్హాపురి చెప్పులవంటి వాటిని కుట్టినవారి ఊసెత్తకుండా చూపించి, గొడవ జరిగాక గాని ఆ మూలం ఒప్పుకోకపోవడం మన పాఠకులకు తెలుసు. ఈ అలవాటు వాళ్ళకు పాతదే.

బికిలా కుటుంబం 2015లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, టకోమా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. తమ తండ్రి పేరును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకున్నారన్నది వారి ఫిర్యాదు. 2016లో కోర్టు ఆ దావాను కొట్టివేసింది. సంగతి ముందే తెలిసి కూడా ఏళ్ళ తరబడి ఆగి ఆలస్యంగా వచ్చారన్నది ముఖ్య కారణం. అంతకు ఎనభై ఏళ్ళ ముందు తీసుకున్న నగరాన్ని, స్తంభాన్ని తిరిగి రాబట్టుకోవడానికి ఆ దేశం ఎన్నేళ్ళు ఆగవలసి వచ్చిందన్నది ఆ కోర్టు ముందున్న ప్రశ్న కాదు. సైనిక వ్యాయామ దుస్తులతో ఆ బూట్లను వేసుకోరాదన్న ఉత్తర్వు అప్పటికి అయిదేళ్ళ నాటిది. వట్టి కాళ్ళతో రోములో గెలిచిన ఒక సైనికుని పేరున్న రకానికీ అది వర్తించింది.